మూడో మెలిక

మధ్యాహ్నం పూట నోలీన్ ట్రెవిన్ కదలడానికి వీల్లేదు. ఆమె గుండెల మీద ఉన్ని సంచీ, సంచీలో మెత్తటి నూలుగుడ్డ, గుడ్డలో టాలో. ఆ కోవాలా పిల్ల నిద్రలోకి జారిందంటే ఇంట్లో అన్నీ ఆగిపోవాల్సిందే. ఫోను మోగితే మోగుతుంది. పొయ్యి మీద నీళ్ళు మరిగితే మరుగుతాయి. వరండా ముందు జకరండా పూలు రాలి మెట్లన్నీ ఊదారంగులో మునిగిపోతే మునిగిపోతాయి. నోలీన్ పేము కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం కింద ఆ వెచ్చటి ముద్దను పెట్టుకుని, సగం నిద్రలో సగం మెలకువలో ఉంటుంది. పిల్ల ఊపిరి నిండా జామాయిల్ వాసన. అది పీల్చీ పీల్చీ ఆమెకూ మత్తు కమ్మేస్తుంది.

"బస్సు ఆగింది," అంటాడు మొగుడు మెర్వ్ అటుగా పోతూ. "దిగేవాళ్ళు దిగండమ్మా."

ఆ వేళాకోళం అతనికి ఎన్నాళ్ళయినా పాతబడదు. నోలీన్ జీవితమంతా వాలంబా ఊరి స్కూలు బస్సు నడిపిన మనిషి మరి. ఆ ఊళ్ళో మాంసం కొట్టేవాడూ, పళ్ళ డాక్టరూ, పోలీసూ అందరూ ఆమె బస్సులో కూర్చుని తిట్లు తిన్నవాళ్ళే. ఇప్పటికీ ఆమె దుకాణంలోకి అడుగుపెడితే మాటలు ఆపి సర్దుకుని నిలబడతారు. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరిగి ఎరగదు. అలాంటిది రిటైరయ్యాక కారు గుద్దిన ఒక కోవాలాను తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. అంతే, ఆ తర్వాత ఇల్లు తల్లిలేని పిల్లలకు ఆస్పత్రి అయింది, ఈమెకు కూర్చోవడం అలవాటైంది. పిల్లలకు పేర్లు వెతుక్కునే శ్రమ కూడా పెట్టుకోలేదు. ఏ బస్టాపు దగ్గర దొరికితే ఆ పేరే. టాలో క్రీక్ స్టాపు దగ్గర దొరికింది కాబట్టి ఇది టాలో. పాత మిల్లు స్టాపు దగ్గర దొరికినది మిల్లీ. ముందరి కాలు విరిగి సరిగ్గా అతకని మిల్లీని అడవిలోకి వదిలే వీల్లేక పెరట్లోనే, పెద్ద జామాయిల్ చెట్టున్న జాలీ ఆవరణలో ఉంచేసుకున్నారు.

కూర్చున్నప్పుడు చేతులు ఊరుకోవు కదా. నోలీన్ అల్లుతుంది. ఊళ్ళోవాళ్ళు పడేసే పాత ఉన్ని స్వెట్టర్లన్నీ ఆమె దగ్గరికే చేరతాయి. అందరిలా విప్పి ఉండ చుట్టుకుని, కడిగి ఆరబెట్టి, అప్పుడు అల్లే ఓపిక ఆమెకు లేదు. పాతది ఒడిలో ఒక పక్క ఊడుతూ ఉంటుంది, ఆ దారమే సూదుల మీదికెక్కి ఇంకో పక్క సంచీ అవుతూ ఉంటుంది. స్వెట్టరు చెయ్యి కురచనవుతున్న కొద్దీ సంచీ పొడుగవుతుంది. గుండెల మీద పిల్ల నిద్ర చెడకుండా చేసుకోగల పని అదొక్కటే.

సంచీ మీద జడలాంటి మెలికలు వేస్తుంది. అన్నీ కుడివైపు తిరుగుతాయి, మూడోది మాత్రం ఎడమవైపు తిరుగుతుంది. అది తప్పు. నోలీన్ తల్లి డల్సీ అలాగే అల్లేది, కూతురికి అలాగే నేర్పింది. తప్పని తెలిసేనాటికి వేళ్ళు మాట వినే వయసు దాటిపోయింది. జిల్లాలో కోవాలా పిల్లల్ని పెంచే ఆడవాళ్ళెవరైనా సంచీ చేతిలోకి తీసుకుని మూడో మెలిక చూసి, "ఇది నోలీన్‌ది" అనేస్తారు. డల్సీ పోయి చాలాకాలమైంది. ఆమె ఆకుపచ్చ స్వెట్టరు ఒకటి బీరువాలో భద్రంగా ఉండేది. టాలో వచ్చాక నోలీన్ దాన్ని బయటికి తీసి ఊడదీయడం మొదలుపెట్టింది. ఎందుకు దీనికే అని మెర్వ్ అడగలేదు. కొన్ని పిల్లలు అలా మనసులో దిగబడిపోతాయని అతనికి తెలుసు.

టాలో తల్లి టాలో క్రీక్ వాగు పక్కన చెట్టు మొదట్లో కూర్చుని దొరికింది. కోవాలా నేలమీద కూర్చుందంటేనే పని అయిపోయినట్టు. చిగుళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నాయి. కడుపు సంచీ మూతి మాత్రం గట్టిగా బిగించుకుని ఉంది. లోపల అరచేతిలో పట్టే పిల్ల పాలు తాగుతూనే ఉంది. జంతువుల డాక్టరు లాన్ వచ్చి చూసి, రక్తం చెడిందని చెప్పింది. తల్లి మర్నాడు పోయింది.

మెత్తటి జుట్టు మొలుస్తున్న ఈడు పిల్ల అది. సరిగ్గా ఆ ఈడులోనే తల్లి కోవాలా కొద్దిరోజులపాటు మామూలు పెంటికలు కాకుండా పచ్చటి పలచని గుజ్జు విసర్జిస్తుంది. పిల్ల సంచీలోంచి తల బయటపెట్టి దాన్ని ఆబగా తింటుంది. వినడానికి రోతగా ఉంటే ఉండనివ్వండి. ఆ గుజ్జులోని సూక్ష్మజీవులు పొట్టలో చేరితే జామాయిల్ ఆకు అన్నం, చేరకపోతే అదే ఆకు విషం. పెంచేవాళ్ళు దాన్ని పాప్ అంటారు. తల్లిలేని పిల్లకు ఇంకో తల్లి దగ్గర పాప్ సంపాదించి, నీళ్ళలో కలిపి, సూదిలేని సిరంజితో పట్టడం వాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. అదృష్టం కొద్దీ ఆ రోజుల్లోనే మిల్లీకి కూడా అదే ఈడు పిల్ల ఉంది. నోలీన్ ఆవరణలో చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, మిల్లీ కిందికి వదిలింది వదిలినట్టు గిన్నెలో పట్టింది. టాలో మూతంతా పచ్చగా చేసుకుని తాగింది. వారం తిరిగేసరికి లేత ఆకు అంచు కొరికింది. ఆ రోజు నోలీన్ ఆనందం పట్టలేక మెర్వ్‌ని ముద్దు పెట్టుకుంటే, "నీ మూతికేం అంటిందో కడుక్కో ముందు" అన్నాడతను.

ఎవరినైనా ఒక మాట అడగాలని ఆమెకు తోచలేదు. కొత్త రోగాలు తిరుగుతున్నాయి, ఒకదాని పాప్ ఇంకోదానికి పట్టేముందు నన్నడగండి అని లాన్ కిందటేడు మీటింగులో చెప్పింది. నోలీన్ తల కూడా ఊపింది. అయితే ఆ మాట ఆస్పత్రులవాళ్ళకనుకుంది. మిల్లీ ఏమన్నా పరాయిదా, పెరట్లో మనిషి.

నెల తిరిగాక మిల్లీ పిల్ల వాడిపోయింది. చిగుళ్ళు సున్నం రంగులోకి తిరిగాయి. రెండు రోజుల్లో పోయింది. మిల్లీ ఖాళీ వీపుతో చెట్టెక్కి, మొహం కొమ్మకు ఆనించుకుని కూర్చుంది. లాన్ వచ్చి మిల్లీ రక్తం తీసుకెళ్ళింది. ఆ తర్వాత వారం ఫోను చేసినప్పుడు నోలీన్ గుండెల మీద టాలో నిద్రపోతూ ఉంది. ఆ ఒక్కసారికి ఆమె ఫోను ఎత్తింది.

"మిల్లీకి రెండో రకం వైరస్ ఉంది నోలీన్," అంది లాన్. "అదే పిల్లకీ అంటింది."

"రెండో రకమంటే?"

"వచ్చి చెప్తా. ఈలోగా టాలోని మిల్లీ దగ్గరికి పోనివ్వకండి."

నోలీన్ ఫోను పెట్టేసి సంచీలోకి చూసింది. పాప్ పట్టిన గిన్నె, మిల్లీ, మోకాళ్ళకు అంటుకున్న ఎండుటాకులు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

లాన్ ఆదివారం సాయంత్రం వచ్చింది. ఆమె తల్లి వియత్నాం నుంచి పడవలో వచ్చి, బ్రిస్బేన్ శివార్లలో ఇంట్లోనే బట్టలు కుట్టి కూతుర్ని చదివించింది. అందుకే లాన్‌కు ఏది చెప్పాలన్నా దారం, సూది తప్పకుండా వస్తాయి. మెర్వ్ టీ, కొబ్బరిపొడి అద్దిన కేకులు తెచ్చి పెట్టాడు. లాన్ ముందుగా టాలో చెవి అంచున రక్తపు చుక్క తీసుకుని చిన్న గొట్టంలో దాచింది.

"నేను మిల్లీ పాప్ పట్టాను," అంది నోలీన్. అంతకుముందు నుంచీ నోట్లో నానుతున్న మాట అది. "నిన్నడక్కుండా పట్టాను."

లాన్ చెయ్యి ఆగింది. తిట్టే మనిషి కాదామె. తిట్టి ఉంటే నోలీన్‌కు కొంచెం నయంగా ఉండేది.

"దానివల్ల అంటుతుందో లేదో మాక్కూడా గట్టిగా తెలీదు," అంది చివరికి. "అంటొచ్చు. రక్తంలో తెలుస్తుంది. కొన్ని వారాలు పడుతుంది."

"ఉంటే?"

"ఉంటే కొండవతల కోవాలాల కోసం కంచె కట్టిన అడవికి పంపలేం. అక్కడికి రెండో రకం లేనివాటినే తీసుకుంటాం. వాటి పిల్లలన్నా శుభ్రంగా పుడతాయని ఆశ."

ఆ అడవి గురించి నోలీన్ పిల్ల చెవిలో ఎన్నిసార్లు చెప్పిందో. కుక్కల్లేవు, కార్లు లేవు, చిటారు కొమ్మ దాకా లేతాకే అని. ఆమె కేకు ముక్క ప్లేటులో పెట్టేసింది.

"అసలేం చేస్తుందది లోపల? నాకర్థమయ్యేలా చెప్పు తల్లీ. రోగం అంటే నాకు తెలుసు, ఇదేంటో తెలీట్లేదు."

లాన్ ఆమె ఒళ్ళో సగం ఊడిన ఆకుపచ్చ స్వెట్టరు వైపు చూసింది.

"ప్రతి కణంలోనూ లోపలి గదిలో ఒక పెద్ద అల్లిక ఉంటుంది. రెండు పోగులు కలిపి అల్లింది. డీఎన్ఏ అంటే అదే. అది గది దాటి బయటికి రాదు. ఏదన్నా పని పడితే అందులో కావాల్సిన ముక్క చూసి ఒంటి పోగుతో నకలు తీసుకుంటారు. పనయ్యాక ఆ నకలు పారేస్తారు. ఎప్పుడూ పెద్దదాన్నుంచే చిన్నది. ఈ వైరస్ తిరగేసి చేస్తుంది. ఒంటి పోగు చంకన పెట్టుకొచ్చి, దాన్ని చూసి రెండు పోగుల అల్లిక అల్లుతుంది."

"ఎవరి దారంతో?"

"అల్లేది ఈ ఇంటివాళ్ళ ఉన్నితోనే. కానీ మొదటి ముడి వెయ్యడానికి చిన్న దారం ముక్క కావాలి. అది మాత్రం ఇంతకుముందు ఉన్న ఇంట్లోంచి జేబులో వేసుకుని తెచ్చుకుంటుంది."

"దొంగముండ," అన్నాడు మెర్వ్ మెచ్చుకోలుగా.

"ఆ ముక్కని ఒక చివరికి దగ్గర్లో కట్టి మొదలెడుతుంది. చివర దగ్గరే కదా, నాలుగు వరసలకే పోగు అయిపోతుంది."

"అయితే పని చెడిందిగా."

"చెడదు. రెండు చివర్లా అంచు డిజైను ఒకటే. ఇక్కడ అల్లిన ముక్క కాస్తా ఎగిరి ఆ చివర అంచుకి అతుక్కుంటుంది. ఇంక అక్కణ్ణుంచి పొడుగంతా అల్లుకుంటూ వస్తుంది."

"మరి పాతది?"

లాన్ కొంచెం మొహమాటంగా నవ్వింది. "మీలాగే. అల్లిన మేరకి ఊడదీసేస్తూ వస్తుంది. ఒక్క ముడి మాత్రం ఉంచుతుంది, రెండో పోగు మొదలెట్టడానికి. ఇంకోసారి ఎగిరి రెండు పక్కలా పూర్తి చేసేసరికి, కొత్తది పాతదానికన్నా కాస్త పొడుగవుతుంది. రెండు కొసలా నిండు అంచులొస్తాయి. ఆ అంచులు పట్టుకుని గదిలోకి పోయి, ఇంటివాళ్ళ అల్లికలో కలిసిపోయి కూర్చుంటుంది. ఇంక దాన్ని విడదియ్యలేం. ఆ కణం పిల్లల్ని పెడితే వాటిలోనూ ఉంటుంది."

"మళ్ళీ చూసుకుంటుందా, సరిగ్గా వచ్చిందో లేదో?"

"అబ్బే. వెనక్కి చూసే అలవాటే లేదు దానికి. బోలెడు తప్పులు."

"మా ఇంట్లో కూడా ఒకరున్నార్లే," అన్నాడు మెర్వ్. నోలీన్ సూది చూపించి బెదిరించింది గాని నవ్వలేదు.

లాన్ వెళ్ళబోతూ మెట్ల మీద ఆగింది. మొదటి రకం ఈ పక్క కోవాలాలన్నిటిలోనూ పుట్టుకతోనే ఉంటుందని, ఎప్పుడో ఒక తల్లి అండంలో, ఒక తండ్రి బీజంలో కూర్చుని ఇంటి మనిషైపోయిందని చెప్పింది. "మనలో కూడా ఉన్నాయి నోలీన్, అలా పాతబడినవి. కడుపులో బిడ్డ చుట్టూ మాయ ఉంటుంది చూడండి, బిడ్డని తల్లికి అంటించి ఉంచేది. ఆ మాయ సరిగ్గా కట్టాలంటే అలా వచ్చి కూర్చున్నదాని సాయం కావాలి. ఒకప్పుడు అదీ రోగమే."

ఆ మాట నోలీన్ చెవిలో అలా ఉండిపోయింది.

మెర్వ్ ఆవరణకు అడ్డంగా జాలీ గేటు పెట్టాడు. గేటుకు ఇవతల చిన్న కొమ్మలు పాతి టాలోకు వదిలారు, అవతల మిల్లీ. సాయంత్రం పాలవేళకు టాలో సన్నగా కీచుమంటే మిల్లీ చెట్టు దిగి, కుంటుకుంటూ వచ్చి గేటు పక్కన కూర్చునేది. జాలీలోంచి ముక్కు పెట్టేది. నోలీన్ ఆ పూట పిల్లను ఎత్తుకుని వరండాలోకి వచ్చేసేది. మిల్లీ చీకటి పడేదాకా అక్కడే ఉండేది. ఒక తల్లికి పిల్ల లేదు, ఒక పిల్లకు తల్లి లేదు, మధ్యలో గేటు పెట్టించింది తానే. నోలీన్ ఆ గేటు వైపు చూడటమే మానేసింది.

అల్లిక కూడా మారింది. ఆకుపచ్చ సంచీలో మూడో మెలిక దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగి, వేళ్ళను అదిలించి, కుడివైపుకే తిప్పింది. చిన్న పని. దానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఈ ఒక్కటన్నా తప్పులేకుండా దీనికివ్వాలి అనుకుంది. అల్లాక చూస్తే అది ఎవరో దుకాణంలో కొన్నట్టుంది.

డిసెంబరు వచ్చింది, అక్కడ అదే నడివేసవి, ఎండలు ముదిరాయి. పడమట మబ్బు పట్టి ఊరించి పోతోంది. అలాంటి ఒక మధ్యాహ్నం నోలీన్‌కు కుర్చీలో కునుకు పట్టింది.

తను బస్సు నడుపుతోంది. బస్సు వెనక్కి పోతోంది. అది ఆమెకు వింతగా అనిపించలేదు. ముందు పాత మిల్లు, తర్వాత వంతెన, తర్వాత టాలో క్రీక్, స్టాపులన్నీ తిరగబడి వస్తున్నాయి. టాలో క్రీక్ దగ్గర ఒక చిన్న మనిషి చెయ్యెత్తాడు. మొహం లేదు, చంకలో పొడుగాటి మఫ్లరు మాత్రం ఉంది. ఎక్కి, ఆమె వెనక సీట్లోనే కూర్చున్నాడు. సూదులు తీశాడు. జేబులోంచి దారం ముక్క తీశాడు. ఆ దారం ఏ రంగో చూడాలని నోలీన్ అద్దంలోకి వంగింది. ఎవరింటి దారమో తెలిస్తే చాలు. అతను అరచెయ్యి మూసుకున్నాడు. నాలుగు వరసలు అల్లి ఆగిపోయాడు. హమ్మయ్య అనుకునేలోపు అతను వెనక సీటు చివర ఉన్నాడు. అక్కణ్ణుంచి అల్లుకుంటూ ఒక్కో సీటే ముందుకు వస్తున్నాడు. దాటివచ్చిన మఫ్లరంతా పొడిపొడిగా రాలి, కిటికీల్లోంచి ఊదారంగు పూలై ఎగిరిపోతోంది. బస్సులో ఇంకెవరో ఉన్నారు. డల్సీ. ఆకుపచ్చ స్వెట్టరు తొడుక్కుని, కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూస్తోంది. "అమ్మా, వాణ్ణి దింపెయ్యనా?" అంది నోలీన్. "ఎలా దింపుతావే," అంది డల్సీ తల తిప్పకుండా, "వాడు కూర్చున్నాడుగా." చూస్తే సీటు తప్ప మనిషి లేడు. మిగతా సీట్లలాంటిదే, నేలకు బిగించి ఉంది, దాని మీద ఏ పిల్లో అప్పుడే పేరు చెక్కుతోంది. నోలీన్ బ్రేకు మీద కాలు వేసింది. కాలి కింద ఏమీ లేదు.

మెలకువ వచ్చేసరికి వాన. టాలో సంచీలోంచి తల బయటపెట్టి, చూరు నుంచి కారే నీళ్ళను చూస్తోంది. నోలీన్ దాని నుదుటికి తన గడ్డం ఆనించి, "నేనే కదూ," అంది. "చెప్పవే, నేనే కదూ." పిల్ల ఆమె చొక్కా బొత్తాం కొరకడం మొదలుపెట్టింది.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు లాన్ కారు వచ్చి ఆగింది. ఫోను చెయ్యకుండా వచ్చిందంటేనే నోలీన్‌కు అర్థమైంది. మెర్వ్ ఈసారి టీ పెట్టడానికి వెళ్ళలేదు, భార్య కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఉంది," అంది లాన్. "రెండో రకమే."

నోలీన్ తల ఊపింది. ఇన్ని వారాలూ ఆ మాట కోసమే వాకిట్లో కూర్చున్నట్టు, ఇప్పుడది వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

"నేనే అంటించినట్టు దీనికి."

"ఆగండి నోలీన్. ముందు పూర్తిగా వినండి." లాన్ మెట్ల మీద కూర్చుంది. "అల్లేటప్పుడు వెనక్కి చూసుకోదని చెప్పాను కదా. ప్రతి ఇంట్లోనూ దాని తప్పులు వేరేగా ఉంటాయి. మిల్లీలో ఉన్నదానికి దాని తప్పులున్నాయి. మిల్లీ పిల్లలోనూ అవే ఉన్నాయి. టాలో తల్లి పోయిన రోజు నేను రక్తం తీసి దాచాను, గుర్తుందా? దానివి వేరే తప్పులు. టాలోలో ఉన్నవి ఆ తల్లివే. ఒక్కటి కూడా పొల్లుపోలేదు, పైగా తన సొంతంగా ఇంకోటి కలుపుకుంది. మిల్లీది ఒక్కటీ లేదు."

నోలీన్ గుండెల మీది సంచీని దగ్గరికి తీసుకుంది.

"మీ సంచీ ఎక్కడ కనబడినా మీదని చెప్పేస్తారుగా, మూడో మెలిక చూసి. అలాగే. ఇది మీ చేతిది కాదు నోలీన్. మీరు ఎత్తుకునేనాటికే దీనిలో ఉంది."

"మీరు పట్టిన పాప్ వల్ల ఆకు తింటోంది, అంతే," అని లాన్ మళ్ళీ తనే అంది.

గుండె మీంచి బరువు దిగాలి. మెర్వ్ చెయ్యి ఆమె భుజం మీద పడి గట్టిగా నొక్కింది, అతనికి దిగినట్టే ఉంది. నోలీన్‌కు మాత్రం టాలో క్రీక్ పక్కన చెట్టు మొదట్లో కూర్చున్న ఆ తల్లి గుర్తొచ్చింది. తల నిలపలేకపోతున్నా సంచీ మూతి వదల్లేదది.

"పాలతో వచ్చిందా?"

"పాలతోనే అయి ఉండాలి."

"చచ్చిపోతూ కూడా తాగించింది కదా."

"అవును."

"పాపం, దానికేం తెలుసు," అంది నోలీన్. "తెలిస్తే మాత్రం మానుతుందా." అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు. తప్పు తనదనుకున్న ఇన్ని వారాల్లో ఒక్క చుక్క రాలేదు. తనది కాదని తేలాక, ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేక, బస్సులో దెబ్బ తగిలిన చిన్నపిల్లలా నోరు వంకర పెట్టి ఏడ్చింది. మెర్వ్ జేబురుమాలు ఇచ్చాడు. అది కార్బురేటరు తుడిచింది. ఆమె మొహాన నల్లటి చార పడింది, ఎవరూ చెప్పలేదు.

"ఎన్నాళ్ళు బతుకుతుందిది?" అని అడిగింది చివరికి.

"చెప్పలేను. ఏమీ కాకపోవచ్చు. మిల్లీ చూడండి, ఎన్నేళ్ళ నుంచి మోస్తోందో, ముసలిదై ఇంకా ఆకు నముల్తూనే ఉంది. కానీ కంచె అడవికి మాత్రం..."

"తెలుసు."

టాలో కీచుమనే వేళయింది. సంచీ కదిలింది. ఆ సన్నటి కీచు వినగానే పెరట్లో చెట్టు మీద బెరడు గీరుకున్న చప్పుడైంది. మిల్లీ దిగుతోంది. ముగ్గురూ అటే చూశారు. ఆ ముసలిది కుంటుతూ వచ్చి, రోజూ కూర్చునే చోటే కూర్చుని, జాలీలో ముక్కు పెట్టింది.

"లాన్," అంది నోలీన్. "ఇద్దరికీ ఉన్నదదే కదా. మరి ఆ గేటు దేనికి?"

లాన్ తల అడ్డంగా ఊపింది. "రెండింటివీ తప్పులు వేరు. కలిస్తే ఏమవుతుందో నాకు తెలీదు. డాక్టరుగా అడిగితే వద్దనాలి."

"డాక్టరుగా కాదు. నిన్నడుగుతున్నా."

లాన్ మిల్లీ వైపు చూసింది. "నేనైతే తీసేస్తా," అంది మెల్లగా.

మెర్వ్ వెళ్ళి గేటు తీశాడు. బస్సు మాటలేమీ అనలేదు. నోలీన్ పిల్లను సంచీలోంచి తీసి నేలమీద పెట్టి, వెనక్కి జరిగింది. టాలో గడ్డిలో తడబడుతూ నాలుగడుగులు వేసి ఆగింది. మిల్లీ దాన్ని వాసన చూసింది. తల మీద చూసింది, నడుం దగ్గర చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత మొహం తిప్పేసుకుని చెట్టు వైపు నడిచింది. మిల్లీ చెట్టు మొదట్లో ఆగింది, ముందరి కాళ్ళు బెరడు మీద వేసింది, ఎక్కలేదు. అలాగే నిలబడింది, ఖాళీ వీపు వెనక్కి పెట్టి. టాలో పరుగులాంటిది పెట్టి వెళ్ళి ఆ వీపు పట్టుకుని ఎక్కేసింది. అప్పుడు ఎక్కింది మిల్లీ.

లాన్ కారు వెళ్ళిపోయాక నోలీన్ వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆకుపచ్చ సంచీ ఒడిలో ఇంకా వెచ్చగా ఉంది. మూడో మెలిక కుడివైపు తిరిగి, నదురుగా, ఎవరిదీ కానట్టుంది. ఆమె సూది తీసుకుని ఆ వరస దాకా ఊడదీసింది. వేళ్ళకు చెప్పక్కర్లేకపోయింది, డల్సీ వేళ్ళలాగే ఎడమవైపు తిరిగాయి. జామాయిల్ చెట్టు మీద, పైకొమ్మ చీలిక దగ్గర, రెండు బూడిదరంగు ముద్దలు ఒకటిగా కలిసి నిద్రపోతున్నాయి. ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో కిందనుంచి తెలియడం లేదు.

"ఇంక లేవొచ్చు మహారాణీ," అన్నాడు మెర్వ్ గుమ్మంలోంచి. "అందరూ దిగిపోయారు."

"నువ్వెళ్ళు, వస్తా," అంది నోలీన్.

గుండెల మీద ఎవరూ లేరు. అయినా చీకటి పడేదాకా ఆమె కదలకుండా కూర్చుంది.